నలభై నాలుగో ఆపరేషన్

మంగళవారం పొద్దున ఏడు గంటలకు నేను చేసే మొదటి పని రోబోకు బట్టలు తొడగడం. దానికి నాలుగు చేతులు. ఒక్కో చేతికి పొడవాటి ప్లాస్టిక్ తొడుగు వెయ్యాలి. ముడత పడకూడదు, ఎక్కడా చిరగకూడదు. పసిపిల్లకు చొక్కా తొడిగినంత ఓపిక కావాలి. ఆ గదికి కిటికీలు లేవు. బయట ఎండ మండుతున్నా లోపల తెలియదు. ఏసీ చప్పుడు, స్పిరిట్ వాసన, ఆవిరి పట్టిన బట్టల వాసన. ఆ ఒక్క గంట నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

నా పేరు తస్లీమా. పుట్టింది, పెరిగింది జనగామలోనే. ఊరు దాటాక హైవే పక్కన కట్టిన పెద్ద దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేశాను. మొత్తం మీద ఈ పనిలో ఇరవై ఒక్క ఏళ్లు. రక్తం చూసి కళ్లు తిరిగిన రోజు ఒక్కటీ లేదు. శవాన్ని కడిగి, చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్నదాన్ని.

రోబో అంటే జనం అది తనంతట తానే కోస్తుందనుకుంటారు. కాదు. పేషెంటు బల్ల మీద, తల కిందికి, కాళ్లు పైకి వాల్చి ఉంటుంది. పొట్టలోకి గాలి నింపి, వేలు పట్టేంత రంధ్రాలు ఐదు చేసి, వాటిలోంచి కెమెరానూ పనిముట్లనూ దించుతాం. డాక్టరు ఆరడుగుల దూరంలో ఒక మూల కూర్చుంటాడు. ఒక పెట్టెలోకి ముఖం దూర్చి, రెండు ఉంగరాల్లో వేళ్లు పెడతాడు. అతని వేళ్లు ఎట్లా కదిలితే లోపల ఆ చేతులు అట్లా కదులుతాయి. పెట్టెలోంచి తల తీశాడా, చేతులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. తెర బాగా కనబడాలని గదిలో లైట్లు తగ్గిస్తాం. పట్టపగలే గది సగం చీకటిగా ఉంటుంది.

మా డాక్టర్ ఐలేశ్‌ది చెల్పూర్. ఆడవాళ్ల క్యాన్సర్లకు ఆపరేషన్లు చేస్తాడు. చెయ్యి మంచిదని పేరు. భూపాలపల్లి నుంచి, మహబూబాబాద్ నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. రోబోతో నలభై మూడు ఆపరేషన్లు చేశాడు. ఒక్కసారి కూడా మధ్యలో ఆపి పొట్ట కోసి తెరవాల్సిన అవసరం రాలేదు. ఆ నలభై మూడును మెడలో గొలుసులా వేసుకుని తిరిగేవాడు.

నలభై నాలుగో ఆమె చాందీ.

బయ్యారం దగ్గర ఒక తండా వాళ్లది. నలభై రెండేళ్లు ఉంటాయి. మిరప చేలో పనిచేసి చేసి వేళ్ల చివర్లు ఎర్రగా కాలినట్టు ఉండేవి. అండాశయంలో మొదలైన క్యాన్సర్ పొట్టంతా పాకింది. మూడు విడతలు మందు ఎక్కించాక కొంత తగ్గింది, ఎక్కువ తగ్గలేదు. అంతగా అతుక్కుపోయినప్పుడు పొట్ట తెరిచి చెయ్యడమే పద్ధతి. ఆ మాట మత్తు డాక్టరు ప్రియ నా ముందే అన్నది. ఐలేశ్ నవ్వాడు. ఆ మంగళవారం కింద హాల్లో ఇరవైమంది డాక్టర్లు కూర్చుని అతని ఆపరేషన్ తెర మీద చూడబోతున్నారు. వాళ్లకు చూపించడానికి కష్టమైన కేసు కావాలి.

ఆ పొద్దున చాందీ నా చెయ్యి వదల్లేదు.

“అక్కా, కోసుడు వద్దు. మా అక్కను మీది నుంచి కిందిదాంక కోసిండ్రు. మళ్ల లేవలే. చిన్న రంధ్రాలే అన్నడు సారు. నిజమేనా?”

“నిజమే. ఐదు రంధ్రాలు. గంతే.”

“మందిచ్చి పండవెడ్తరు కద... గప్పుడు నేను యాడ ఉంట?”

నాకు నవ్వొచ్చింది. “యాడికి పోతవ్? ఈడ్నే ఉంటవ్.”

ఆమె నా ముఖంలోకి చూసింది. అప్పుడే ప్రియ మందు ఎక్కించింది. కనురెప్పలు వాలాయి. కళ్ల మీద టేపు నేనే అతికించాను.

మొదటి గంటన్నర బాగానే సాగింది. ఐలేశ్ హాల్లో వాళ్లకు వివరిస్తూ, మధ్యమధ్య జోకులేస్తూ చేశాడు. పదకొండూ ఇరవైకి కటి దగ్గర పెద్ద రక్తనాళానికి అతుక్కున్న గడ్డను పట్టి లాగాడు. తెర ఎర్రబడింది. మొత్తం ఎరుపే.

“ప్రెషర్ పడిపోతోంది,” అన్నది ప్రియ. “సార్, ఓపెన్ చెయ్యండి.”

“రెండు నిమిషాలు. నాకు కనిపిస్తోంది.”

అతనికి ఏమీ కనిపించడం లేదు. నాకూ తెర ఉంది కదా ఎదురుగా. రోబో చేతులు విడదీసి, దాన్ని పక్కకు నెట్టి, కత్తి అందించడానికి నాకు ఒక్క నిమిషం చాలు. కత్తి నా ముందు పళ్లెంలోనే ఉంది. డాక్టరు చెప్పకపోయినా ప్రాణం మీదికొస్తే ఆ పని చెయ్యొచ్చని మాకు నేర్పారు కూడా. నేను గోడ గడియారం చూశాను. ఇరవై రెండు... ఇరవై నాలుగు. “సార్!” అని ప్రియ అరిచింది. నేను అతని మాట కోసం చూస్తూ నిలబడ్డాను. కింద ఇరవైమంది చూస్తున్నారు. ఇరవై ఏడుకు అతను తల ఎత్తి, “రోబోను తియ్యండి,” అన్నాడు.

రొమ్ముల కింది నుంచి బొడ్డు దాటి కిందిదాకా ఒక్క గీతన కోశాడు. చేతులు మోచేతుల దాకా లోపల పెట్టాడు. లాభం లేకపోయింది.

గుండె ఆగితే బతికించడానికి పొట్ట తెరవాల్సి వచ్చిందని కాగితం మీద రాయించాడు. అట్లా రాస్తే అది రోబో తప్పు కాదు, అతని తప్పూ కాదు. నేను సంతకం పెట్టాను. కుట్లు వేసింది కూడా నేనే. ఎట్లాగూ చనిపోయిన మనిషే కదా అని పెద్ద పెద్ద కుట్లు వేశాను.

ఆమె భర్త సోమ్లా బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరు రాలేదు, నన్ను పంపాడు. గుండె బలహీనంగా ఉండె, ఆగిపోయింది అని చెప్పాను.

“కోసిండ్రా అక్కా? ఆమె వద్దన్నది.”

“లేదు. చిన్న రంధ్రాలే.”

ఎందుకట్లా అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చాం. ఆటోట్రాలీలో వేసుకుని పోయారు.

తర్వాత మూడు వారాలు థియేటర్లో ఏ ఆపరేషన్ జరిగినా ఎవరో ఒకరు దగ్గేవాళ్లు. నాకు మొదటి రోజే తెలిసింది. ఎండు మిరపకాయల ఘాటు. కళ్లాల్లో ఆరబోసిన మిరప మీదుగా గాలి వీస్తే ముక్కులో ఎట్లా గుచ్చుకుంటుందో, అట్లా. గాలి వడపోసే యంత్రం విప్పించారు, కడిగించారు. ఏమీ దొరకలేదు. ఘాటు పోలేదు.

నాలుగో మంగళవారం జబీన్ అనే ఆమె వచ్చింది. మహబూబాబాద్‌లో బట్టలు కుడుతుంది. గర్భసంచి క్యాన్సర్. పది గంటలకు మొదలుపెట్టాం. లైట్లు తగ్గించాం. ఐలేశ్ పెట్టెలోకి ముఖం దూర్చాడు.

పది నిమిషాలయ్యాక స్పీకర్లోంచి అతని గొంతు వచ్చింది. అతను మూల నుంచి మాట్లాడితే మా దగ్గరున్న స్పీకర్లో వినిపిస్తుంది.

“ప్రియా... మత్తు సరిపోయిందా?”

“సరిపోయింది సార్.”

“సిస్టర్, పేషెంటు కళ్లు మూసి ఉన్నాయా?”

వంగి చూశాను. టేపు వేసినట్టే ఉంది. “ఉన్నాయి సార్.”

తెర మీద పనిముట్లు కదులుతున్నాయి. ఒక్క రక్తపు చుక్క లేదు. పొర మీద పొర విడదీస్తున్నాయి. అంత అందంగా అతను ఎప్పుడూ చెయ్యలేదు.

“తెర మీద ఏం కనిపిస్తోంది మీకు?”

“గర్భసంచి సార్. శుభ్రంగా ఉంది.”

“నాకు అది కనిపించట్లేదు...”

ఏసీ చప్పుడు. ఘాటు ఎక్కువైంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ముఖం కనిపిస్తోంది,” అన్నాడు గుసగుసగా. “కళ్లు తెరిచి ఉంది. కోసినప్పుడల్లా... అబ్బా అంటోంది. మీకు వినపడట్లేదా?”

ప్రియా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. “సార్, తల తియ్యండి. ఆపుదాం,” అన్నది ప్రియ.

“రావట్లేదు.”

“ఏంటి సార్?”

“తల రావట్లేదు... చేతులు నావి కావు...” అప్పుడు అతని గొంతు మారింది. చెల్పూర్ బడిలో చదివినప్పటి గొంతు అయి ఉంటుంది అది. పదేళ్లలో నన్ను సిస్టర్ అని తప్ప పిలవని మనిషి, “అక్కా... నా తల బయటికి గుంజు. నీ కాళ్లు మొక్కుత. గుంజక్కా,” అని ఏడ్చాడు.

పరుగెత్తాను. భుజాలు పట్టి లాగాను. గోడను లాగినట్టే ఉంది. మెడ మంచులా చల్లగా ఉంది. గడ్డం నుంచి కన్నీళ్లు నేల మీద పడుతున్నాయి. కానీ ఉంగరాల్లో అతని వేళ్లు... పూలు గుచ్చుతున్నట్టు మెత్తగా, తొందరలేకుండా కదులుతున్నాయి. ఒళ్లంతా వణుకుతోంది. వేళ్లు మాత్రం వణకడం లేదు.

రోబోను ఉన్నపళంగా ఆపడానికి ఒక ఎర్ర బటన్ ఉంటుంది. దాని దగ్గరికి వెళ్లాను. వేలు పెట్టాను. తెర చూశాను. పెద్ద నాళం సగం విడదీసి ఉంది. ఇప్పుడు ఆపితే...

స్పీకర్లోంచి ఆడగొంతు వచ్చింది. నా చెవి పక్కనే ఉన్నట్టు.

“ఆపకు అక్కా. ఆమె మంచిగైతది.”

ప్రియ చేతిలో సిరంజి కింద పడింది.

“నేను ఈడ్నే ఉన్న,” అన్నది గొంతు.

నేను వేలు తీశాను. రెండోసారి కూడా చూస్తూ నిలబడ్డాను. మొదటిసారి భయపడి నిలబడ్డాను. ఈసారి ఎందుకు నిలబడ్డానో చెప్పను.

ఇంకా రెండు గంటలు పట్టింది. అంతసేపూ అతను అరుస్తూనే ఉన్నాడు. చివరికి గొంతు పోయి గాలి మాత్రమే వచ్చింది. తెర మీద చివరి కుట్టు పడింది, ముడి బిగుసుకుంది. నాలుగు చేతులూ నిటారుగా లేచి నిలబడ్డాయి. ఐలేశ్ తల దానంతట అదే బయటికి వచ్చింది. పెట్టె అంచు నుదుటి మీద ఎర్రగా అచ్చు పడింది. లేవబోయి కుడివైపు పొట్ట పట్టుకుని కూలిపోయాడు.

జబీన్ మూడో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయింది. ఇప్పటికీ బాగుంది.

ఆ మధ్యాహ్నమే ఐలేశ్‌కు స్కాన్ తీశారు. తీసింది కైసర్. పాలకుర్తి అతను, చాలా ఏళ్లుగా తెలిసినవాడు. నన్ను పక్కకు పిలిచాడు.

“ఆపా, సార్‌కు అపెండిక్స్ ఎప్పుడు తీసిండ్రు?”

“తియ్యలే. ఆయనకు ఏ ఆపరేషనూ కాలే.”

“మరి ఇదేంది? అపెండిక్స్ లేదు. కోసిన కాడ క్లిప్పులు కూడ ఉన్నయ్.”

వెళ్లి పొట్ట చూశాను. నున్నగా ఉంది. గీత లేదు. మచ్చ లేదు. సూది గుచ్చినంత రంధ్రం కూడా లేదు.

మరుసటి మంగళవారం పది గంటలకు, మంచం మీద పడుకుని ఉన్నవాడు ఉన్నట్టుండి కేకలు పెట్టాడు. మధ్యాహ్నం స్కాన్‌లో పిత్తాశయం లేదు. ఆ తర్వాతి మంగళవారం ప్లీహం. ఆ తర్వాత ఎడమ మూత్రపిండం. బతకడానికి అక్కర్లేనివి ఒక్కొక్కటే. లోపల కుట్లు ఎంతో శుభ్రంగా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి డాక్టర్లు వచ్చారు. ముందే చేయించుకున్న ఆపరేషన్లు దాచిపెడుతున్నాడని రాసి పోయారు.

“నిద్రపుచ్చు,” అని ప్రియను బతిమిలాడాడు. మూత్రపిండం పోయిన ఆ మంగళవారం ఆమె పది గంటలకు ముందే మత్తు ఇచ్చింది. యంత్రం అతను నిద్రలో ఉన్నాడనే చూపించింది. కళ్లు మూసుకునే ఉన్నాయి. పెదాలు మాత్రం కదులుతున్నాయి. దగ్గరికి వంగి విన్నాను.

“తెలుస్తోంది... తెలుస్తోంది... తెలుస్తోంది...”

ఆ రోజే ఉద్యోగం మానేశాను. నాలుగు పేజీల కాగితం రాశాను. పదకొండూ ఇరవై నుంచి ఇరవై ఏడు దాకా జరిగింది జరిగినట్టు. మహబూబాబాద్ దాకా బస్సు, బయ్యారం దాకా ఇంకో బస్సు, తండాకు ఆటో. ఎర్రమట్టి దారి. ఇళ్ల ముందు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు కాళ్లు ముందుకు పడలేదు.

సోమ్లా ఇంటి ముందు ఉన్నాడు. అతని తల్లి సక్రి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను అంతా చెప్పాను. కత్తి నా ముందే ఉందని చెప్పాను. కాగితం ఇచ్చాను. “దీన్ని పోలీస్ స్టేషన్‌ల ఇయ్యి. ఎక్కడ అడిగినా వచ్చి చెప్త.”

అతను కాగితాన్ని తిప్పి చూసి మడిచాడు.

“కడుగుతున్నప్పుడు మా అమ్మ చూసింది,” అన్నాడు. “మీదికెళ్లి కిందిదాంక. బస్తాను కుట్టినట్టు కుట్టిండ్రు. గా దినం నుంచి మా అమ్మ మాట్లాడ్తలేదు.”

సక్రి నన్ను చూస్తూనే ఉంది. రెప్ప వెయ్యలేదు.

“నన్ను మాఫ్ చెయ్యి తమ్మీ.”

“నాకెందుకు చెప్తున్నవ్? ఆమెకు చెప్పు.”

“ఎట్ల చెప్పాలె?”

“నాకేం తెల్సు? పన్నెండు దినాలు ఆమె పేరు పట్టి పిలిచినం. ఇంటికి రాలే.” కాగితం జేబులో పెట్టుకుని లేచాడు. “మీ కాడనే ఉంది కద.”

తాగడానికి నీళ్లు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

తర్వాతి మంగళవారం పది దాటాక కైసర్ ఫోన్ చేశాడు. “జర రా ఆపా. నాకు ఒక్కనికి భయమైతుంది.” పోకూడదనుకున్నాను. పోయాను.

ఐలేశ్ సగం మనిషయ్యాడు. దుప్పటి కింద శరీరం ఉన్నట్టే లేదు. కదిలిస్తే తట్టుకోలేడని స్కానింగ్ మిషన్ మంచం దగ్గరికే తెచ్చారు. కిటికీలోంచి ఎండ పడుతోంది. హైవే మీద లారీల చప్పుడు. అన్నీ మామూలుగా ఉన్నాయి.

“ఇయ్యాల అరవలే,” అన్నాడు కైసర్ చిన్నగా. “ఏమీ పోలే కూడ.”

“అయితే మంచిదే కద.”

అతను తల అడ్డంగా ఊపాడు. “ఒకటి ఎక్కువుంది.”

పొట్ట మీద జెల్ రాసి, బొడ్డుకు కొంచెం కింద మిషన్ ఆనించాడు. తెర మీద బూడిద రంగు అలలు లేచి, మెల్లగా నిలిచాయి. బోర్లించిన జామకాయలాంటి ఆకారం. ఇరవై ఒక్క ఏళ్లు ఆడవాళ్ల పొట్టల్లో చూసిన ఆకారం. గర్భసంచి. నేను పొరబడను.

“నొప్పి లేదు సిస్టర్,” అన్నాడు ఐలేశ్. కళ్లు తెరిచే ఉన్నాయి. చాలా రోజుల తర్వాత ముఖం తేటగా ఉంది. “ఇవాళ అసలు నొప్పే లేదు. ఏముంది లోపల?”

ఎండు మిరపకాయల ఘాటు నా ముక్కుకు తగిలింది. కైసర్ చెయ్యి కదలకుండా బిగబట్టి ఉంచాడు.

తెర మీద, ఆ ఆకారం లోపల, ఏదో మెల్లగా పక్కకు ఒత్తిగిలింది.